టూల్‌టిప్ టేబుల్ అంచులో సగం తెగిపోతోంది: అన్నిచోట్లా పనిచేసే కాంపోనెంట్ ఎలా రాయాలి?

ప్రశ్న

మా అప్లికేషన్‌లో టూల్‌టిప్‌లు (మౌస్ పెడితే కనిపించే చిన్న వివరణలు) రకరకాలుగా పేరుకుపోయాయి. కొన్నిచోట్ల ఉత్త టైటిల్ యాట్రిబ్యూట్, కొన్నిచోట్ల సీఎస్ఎస్ హోవర్, రెండు స్క్రీన్లలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నవి. అన్నీ తీసేసి ఒకటే కాంపోనెంట్ చేయమని నాకు అప్పజెప్పారు. రియాక్ట్ (జావాస్క్రిప్ట్ యూఐ లైబ్రరీ) వాడుతున్నాం.

బటన్ పక్కనే ఒక డివ్ పెట్టి పొజిషన్ యాబ్సొల్యూట్ ఇచ్చాను. విడిగా చూస్తే బాగుంది. టేబుల్లో పెట్టగానే మొదలైంది గోల. చివరి కాలమ్‌లో డిలీట్ ఐకాన్ మీద మౌస్ పెడితే "ఈ వరుసను తొలగించు" అని రావాలి. "ఈ వరు" దాకా కనిపించి మిగతాది అంచు దగ్గర తెగిపోతోంది. ఏది పైన కనిపించాలో చెప్పే జెడ్-ఇండెక్స్ 9999 ఇచ్చినా మార్పు లేదు. రెండు రోజులుగా దీంతోనే టెన్షన్.

జవాబు 1

జెడ్-ఇండెక్స్ జోలికి వెళ్లకండి, దానికీ దీనికీ సంబంధం లేదు. టేబుల్ చుట్టూ ఉన్న డివ్‌కు ఓవర్‌ఫ్లో ఆటోనో హిడెన్‌నో ఉండి ఉంటుంది, కోసేస్తున్నది అదే. రియాక్ట్‌లో దేన్నైనా పేజీలో వేరేచోట పెట్టే క్రియేట్‌పోర్టల్‌తో టూల్‌టిప్‌ను నేరుగా బాడీలోకి పంపండి.

జవాబు 2

పోర్టల్‌తో తెగడం ఆగుతుంది. కానీ ఈ పని నేను రెండుసార్లు చేశాను, మొదటిసారి తప్పుగా చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మా టీమ్‌లో స్క్రీన్ రీడర్ (తెరమీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడే సహోద్యోగి ఒకాయన ఉన్నారు. ఒకరోజు ఆయన పక్కన కూర్చున్నాను. టాబ్ నొక్కుతూ వెళ్తుంటే "బటన్, బటన్, బటన్" అని వరసగా ఆరుసార్లు వినిపించింది. ఏ బటన్ ఏం చేస్తుందో ఆయనకు తెలిసే దారే లేదు. ఐకాన్ల పేర్లన్నీ నేను టూల్‌టిప్‌లోనే పెట్టాను, అవేమో మౌస్ పెడితే తప్ప పేజీలోకి రావు. అందుకని ఐకాన్ బటన్‌కు పేరు, స్క్రీన్ రీడర్ చదివే ఏరియా-లేబుల్‌లో ఇవ్వండి. అంతకు మించిన వివరణ ఏదైనా ఉంటే అది టూల్‌టిప్‌లో పెట్టి, దానికి రోల్ టూల్‌టిప్ ఇచ్చి, ఏరియా-డిస్క్రైబ్డ్‌బైతో బటన్‌కు కలపండి. కలిపే పని కాంపోనెంటే చేయాలి, వాడేవాళ్లకు వదిలేస్తే మర్చిపోతారు. అలా కలపడానికి కావాల్సిన ఐడీ కోసం రియాక్ట్ 18 నుంచి యూజ్‌ఐడీ హుక్ ఉంది.

ఇక కనిపించడం, మూసుకోవడం. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పే మార్గదర్శకాలు, 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1లో 1.4.13 నియమం అచ్చంగా దీని గురించే. మౌస్ కదపకుండా మూసే దారి ఉండాలి, అంటే ఎస్కేప్ నొక్కితే పోవాలి. మౌస్‌ను టూల్‌టిప్ మీదికి జరిపినా అది ఉండాలి. తెరను బాగా పెద్దది చేసుకుని చదివేవాళ్లకు ఇది చాలా అవసరం, మౌస్ అక్కడికి జరిపితేగానీ వాళ్లకు మిగతా అక్షరాలు కనిపించవు. టైమర్ పెట్టి దానంతటదే మాయమయ్యేలా చేయకూడదు. మా దాంట్లో బటన్‌కూ టూల్‌టిప్‌కూ మధ్య 8 పిక్సెల్స్ ఖాళీ ఉండేది, మౌస్ ఆ ఖాళీ దాటేలోపే మూసుకుపోయేది. మూసేముందు 150 మిల్లీసెకన్లు ఆగేలా చేశాక కుదిరింది.

పైన చోటు లేకపోతే కిందికి తిప్పడం, అంచు తగిలితే పక్కకు జరపడం లాంటి లెక్కలు సొంతంగా రాయకండి, ఫ్లోటింగ్ యూఐ అనే లైబ్రరీ చేసిపెడుతుంది. టచ్ తెరల మీద హోవర్ ఉండదు కాబట్టి తప్పనిసరిగా చదవాల్సిన మాట ఏదీ టూల్‌టిప్‌లో దాచకండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. టేబుల్లో ఇప్పుడు పూర్తిగా కనిపిస్తోంది, ఎస్కేప్ కూడా పెట్టాను. కానీ డైలాగ్ తెరిచినప్పుడు అందులోని బటన్ల టూల్‌టిప్‌లు డైలాగ్ వెనకాల వస్తున్నాయి.

జవాబు 2

మీది డైలాగ్ ఎలిమెంటే అయి, షోమోడల్‌తో తెరుస్తున్నారు కదూ? అది టాప్ లేయర్‌లోకి (బ్రౌజర్ పేజీ మొత్తానికీ పైన చూపే పొరలోకి) వెళ్తుంది, బాడీలో ఉన్నదేదీ దాని పైకి రాలేదు. పోర్టల్ తీసేసి, టూల్‌టిప్‌ను మళ్లీ బటన్ పక్కనే పెట్టి, పాపోవర్ యాట్రిబ్యూట్‌కు మాన్యువల్ విలువ ఇవ్వండి. అదీ టాప్ లేయర్‌లోకే వెళ్తుంది కాబట్టి టేబుల్ ఓవర్‌ఫ్లో కూడా దాన్ని కోయలేదు.

ప్రశ్న అడిగినవారు

డైలాగ్ మీదికి వచ్చింది! కాకపోతే బటన్ దగ్గర కాకుండా తెర నడిమధ్యన వస్తోంది.

జవాబు 2

పాపోవర్‌కు బ్రౌజర్ తనంతట తాను మార్జిన్ ఆటో, ఇన్‌సెట్ సున్నా పెడుతుంది. మీ సీఎస్ఎస్‌లో మార్జిన్ సున్నా, ఇన్‌సెట్ ఆటో చేయండి. తర్వాత ఫ్లోటింగ్ యూఐ ఇచ్చే టాప్, లెఫ్ట్ విలువలు పనిచేస్తాయి.