సమస్య: తలను వంచెను సర్పంచి తాను గెలిచి

నిర్వాహకుడు:
తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న పల్లెలకు మళ్లీ సర్పంచులు వచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ అయిపోయింది, రెండింటికి లెక్కింపు మొదలైంది. ఇక చీకటి పడేసరికి డప్పులు, గులాలు. తల వంచడం ఓడినవాడి పని కదా, గెలిచినవాడెందుకు వంచాలి? తేటగీతిలో పూరించండి.

పూరణ 1 (వరంగల్ మాస్టారు):

ఊరి ముంగిట నిలుచున్న వారి కెల్ల
ఓటు వేసిన చేతుల కొక్క మాటు
కనులు చెమ్మగిల్లంగను కరము మోడ్చి
తలను వంచెను సర్పంచి తాను గెలిచి

నిర్వాహకుడు:
మాస్టారూ, ఊరి–వారి ప్రాసయతి (యతి అక్షరానికి బదులు దాని పక్కనున్న ‘రి’ కలవడం) హాయిగా ఉంది. సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తులుండవు, బ్యాలెట్ మీద ముద్ర మనిషిని చూసి వేస్తారు. అందుకే ‘ఓటు వేసిన చేతులకు’ మొక్కించడం నాకు బాగా నచ్చింది. కానీ ‘కరము మోడ్చి’ అంటే ఒక్క చెయ్యే అవుతుంది. ‘గీర మాని వినయముతో కేలు మోడ్చి’ అంటే ఎలా ఉంటుంది?

వరంగల్ మాస్టారు:
అలా మారిస్తే కన్నీళ్లు పోతాయండీ, అవి నాకు కావాలి. ‘కనులు చెమ్మగిల్లంగను కరము లెత్తి’ అంటాను. మన ఊళ్లలో చేతులెత్తే కదా మొక్కుతాం.

నిర్వాహకుడు:
నా సవరణ కంటే మీదే మేలు.

పూరణ 2 (నల్గొండ సోదరి):

తనది పదవైన మగనికే దక్కె కుర్చి
సంతకము తాను పెట్టగా సభను మగడు
నడుప, మూలను గూర్చుండి నలిగి నలిగి
తలను వంచెను సర్పంచి తాను గెలిచి

నిర్వాహకుడు:
అమ్మా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల పదవుల్లో సగం మహిళలవే. అయినా దండలు, శాలువాలు ఎవరి మెడలో పడుతున్నాయో గ్రామసభకు వెళ్లి చూస్తే తెలుస్తుంది. ఓటర్లకు కృతజ్ఞతలు చెప్పే ఫ్లెక్సీ మీద కూడా భర్త ఫొటోనే పెద్దది! నేనిచ్చిన పాదంలో ‘తాను’ యతి కోసం పడిన మాట. మీ పద్యంలో దానికి ప్రాణం వచ్చింది, గెలిచింది తానే మరి. ఒక్క సవరణ: పదవి, ఐన కలిస్తే యడాగమం (నడుమ ‘య’) వచ్చి ‘పదవియైన’ కావాలి. ‘తనది పదవి, పెనిమిటికే దక్కె కుర్చి’ అంటే దోషం పోతుంది, నడకా చెడదు.

నల్గొండ సోదరి:
పెనిమిటి మాట ఇక్కడ ఇంకా గట్టిగా పలుకుతుంది. తీసుకున్నాను, ధన్యవాదాలు గురువుగారూ.

పూరణ 3 (సిద్దిపేట తమ్ముడు):

ఓట్లు సమమాయె, చీటిలో నొదిగె గెలుపు
అన్న యోడిన బాధ తా నరసి కొనుచు
పాదములు తాకి యాశీస్సు పడయ గోరి
తలను వంచెను సర్పంచి తాను గెలిచి

నిర్వాహకుడు:
ఓట్లు సమానమైతే చీటీ తీయడం నిబంధనే, కల్పన కాదు. అన్నదమ్ములే పోటీపడిన ఊళ్లూ ఉంటాయి. రెండో పాదంలో ‘తా’, నాలుగో పాదంలో ‘తాను’ పునరుక్తి. ‘అన్న యోడిన వేదన నరసి కొనుచు’ అనండి.

ఓడిన అన్న వైపు నుంచి ఇంకా ఎవరూ రాయలేదు. ఆదివారం దాకా సమయం ఉంది.