ఇంటికి తాళం వేసి 37 రోజులు ఊళ్ళో ఉన్నాం, స్మార్ట్ మీటర్‌లో 190 యూనిట్లు. ఎవరికైనా ఇలా జరిగిందా?

తెనాలి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటాం. గ్యాస్ లేదు, అంతా కరెంటే. సంక్రాంతికని డిసెంబర్ 20న తెనాలి వెళ్ళి జనవరి 26న వచ్చాం. వెళ్ళేముందు రూమ్ హీటర్లన్నీ గోడ దగ్గరే ఆపేశాను. టీవీ, వాషింగ్ మెషీన్, మైక్రోవేవ్ ప్లగ్గులు తీసేశాను. ఫ్రిజ్, వైఫై రౌటర్ మాత్రమే ఉంచాను. తిరిగొచ్చి యాప్ చూస్తే 190 యూనిట్లు! యూనిట్ 26 పెన్నీల లెక్కన దాదాపు 50 పౌండ్లు, స్టాండింగ్ చార్జీ (వాడినా వాడకపోయినా రోజూ పడేది) కాకుండా.

డబ్బు సంగతి అలా ఉంచండి. మొక్కలకు నీళ్ళు పోయమని ఇంటి తాళం ఒక ఫ్రెండ్‌కి ఇచ్చి వెళ్ళాం. వాళ్ళ తమ్ముడు ఈమధ్యే చదువుకు వచ్చాడు, రూమ్ దొరక్క అవస్థ పడుతున్నాడు. మా ఆయన "ఒకసారి అడిగేద్దాం" అంటున్నారు. ఆ మాట నోటి నుంచి వచ్చాక మళ్ళీ వాళ్ళ ముఖం చూడగలమా? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

కోనసీమ77:
ఈ మీటర్లన్నీ అంతేనండీ, ఎక్కువే తిరుగుతాయి. రౌటర్ కూడా ఆపి వెళ్ళాల్సింది. వైఫై లేకపోతే మీటర్ నుంచి రీడింగ్ వెళ్ళదు కదా.

లెస్టర్_అక్క:
కోనసీమ గారూ, అది పొరపాటు. మీటర్‌కి మన వైఫైతో సంబంధం లేదు, రీడింగ్ పంపడానికి దాని నెట్‌వర్క్ దానికి వేరే ఉంటుంది.

చెల్లీ, ముందు నువ్వు ఎవరినీ ఏమీ అడగకు. ఇక్కడి స్మార్ట్ మీటర్ ప్రతి అరగంటకూ వాడకం రాసి పెట్టుకుంటుంది, 13 నెలల లెక్క దానిలోనే ఉంటుంది. యాప్‌లో రోజువారీ కాకుండా అరగంట గ్రాఫ్ తెరిచి చూడు. మనిషి ఉన్న ఇంటి గ్రాఫ్ ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున కెటిల్ పెడితే ఒక చిన్న ముల్లు లేస్తుంది. సాయంత్రం స్టవ్ వెలిగితే కొండలా లేస్తుంది. ఆదివారం అన్నీ ఆలస్యంగా మొదలవుతాయి. ఏ రెండు రోజులూ ఒక్కలా ఉండవు. ఎవరూ లేని ఇల్లయితే రోజూ అదే గీత. ఆ తమ్ముడు ఉన్నాడో లేడో ఆ గ్రాఫే చెప్తుంది.

తెనాలి_అమ్మాయి:
అక్కా, ఇప్పుడే చూశాను, ఏడుపొచ్చింది. 37 రోజులూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి! పగలంతా అరగంటకు 0.07 యూనిట్ దగ్గర. రాత్రి 1 నుంచి 1:30 మధ్య ఒక్కసారిగా 1.4, తరువాతి అరగంటలో 0.25, మళ్ళీ 0.07. క్రిస్మస్ రోజూ అంతే, భోగి నాడూ అంతే. ఎవరూ ఉండలేదు. కానీ రాత్రి ఒంటిగంటకు ఏం నడుస్తోంది?

వోల్టు_స్లౌ:
సిస్టర్, నేను ఇక్కడ ఎలక్ట్రీషియన్‌ని. అరగంటలో 1.4 అంటే 3 కిలోవాట్ల సరుకు. గ్యాస్ లేని ఫ్లాట్‌లో అంత లాగేది వేడినీళ్ళ ట్యాంక్‌లో ఉండే ఇమర్షన్ హీటర్. బట్టలు ఆరబెట్టుకునే అలమరలో ట్యాంక్ ఉంటుంది చూడండి, పక్కన టైమర్ ఉంటుంది. మీరు రూమ్ హీటర్లు ఆపారు కానీ నీళ్ళ హీటర్ ఆపలేదు. నీళ్ళు వాడకపోయినా ట్యాంక్ పగలంతా చల్లబడుతుంది, పోయిన వేడిని రాత్రి మళ్ళీ ఎక్కిస్తుంది. రోజుకు ఒకటిన్నర యూనిట్ దానికే.

కానీ పగటి 0.07 కూడా ఎక్కువే. రోజుకు దాదాపు మూడున్నర యూనిట్లు. ఫ్రిజ్, రౌటర్ కలిపినా ఒక యూనిట్ దాటకూడదు. అంటే 100 వాట్లది ఇంకేదో రాత్రింబవళ్ళు నడుస్తోంది. ఇలా చేయండి: ఫ్రిజ్ ప్లగ్ కాసేపు తీసి మీటర్ దగ్గర నిలబడండి. దాని మీద ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. పక్కనే 1000 ఇంప్ అని రాసి ఉంటే వెయ్యి మెరుపులకు ఒక యూనిట్. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రెండు మెరుపుల మధ్య ఎన్ని సెకన్లో చూసి, 3600ని ఆ సంఖ్యతో భాగిస్తే ఎన్ని వాట్లో వచ్చేస్తుంది. తరువాత ఫ్యూజ్ బాక్స్‌లో ఒక్కో స్విచ్ దించుతూ చూడండి. అన్నీ దించి మెయిన్ కూడా ఆపాక లైటు మెరిస్తే మాత్రం మీ కంపెనీకి ఫోన్ చేయాల్సిందే.

పాతబస్తీ_నుంచి:
నాకు సరిగ్గా అదే అయింది. మెయిన్ ఆపినా లైటు టకటకా మెరుస్తూనే ఉంది. మీటర్లన్నీ కింద ఒకే గదిలో ఉండే బిల్డింగ్ మాది. బిల్లు మీది సీరియల్ నంబర్, మీటర్ మీది నంబర్ ఒకటే. అయినా ఆ మీటర్ నుంచి వైరు పోతున్నది పై అంతస్తుకు! పదకొండు నెలలు వాళ్ళ బిల్లు నేను కట్టాను. కంపెనీ ఈ నెల, వచ్చే నెల అంటూ తిప్పింది. ఫిర్యాదు పెట్టి 8 వారాలైనా తేల్చకపోతే కరెంటు కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, మన జేబు నుంచి పైసా పోదు. నేను వెళ్ళాకే కదిలింది. మెయిన్ ఆపి మీటర్ లైటును వీడియో తీసి పెట్టుకోండి, నా కేసులో అదే పనికొచ్చింది.

కరెంటాఫీసు_రిటైర్డ్:
అమ్మా, మన దేశంలో ఇళ్ళకు తాళం వేసి వెళ్ళేవాళ్ళ కోసం ఒక మాట చెప్తాను. ఇక్కడి సింగిల్ ఫేజ్ మీటర్లు, పాత ఎలక్ట్రానిక్‌వైనా కొత్త స్మార్ట్‌వైనా, కరెంటు వచ్చే ఫేజ్ వైరునూ, తిరిగి పోయే న్యూట్రల్ వైరునూ రెండింటినీ కొలుస్తాయి. ఏది ఎక్కువైతే అది లెక్క. దొంగ కరెంటు పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు. కానీ వైరింగ్ బాగాలేకపోతే అమాయకుడి మీద పడుతుంది.

నేను సర్వీసులో ఉండగా గన్నవరం దగ్గర ఒక ఇల్లు. అన్నదమ్ములు కిందా మీదా వాటాలు, రెండు మీటర్లు. పైవాళ్ళు రెండు నెలలు ఊళ్ళో లేరు, రీడింగ్ మాత్రం పెరిగింది. తమ్ముడు దొంగ కరెంటు వాడాడని పెద్దాయన పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. వెళ్ళి చూస్తే ఇన్వర్టర్ పెట్టినప్పుడు రెండు వాటాల న్యూట్రళ్ళూ ఒకచోట కలిపి చుట్టేశారు. కింద ఏసీ వేస్తే దాని కరెంటు కొంత పై మీటర్ న్యూట్రల్ గుండా వెనక్కి పోతోంది. పై మెయిన్ ఫేజ్‌ని మాత్రమే కోస్తుంది కాబట్టి, ఆపినా ఆగదు. రెండు వైర్ల లెక్కా కలవనప్పుడు వెలిగే ఎర్త్ అనే లైటు మీటర్ మీద వెలుగుతూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. న్యూట్రళ్ళు విడదీయడానికి పట్టింది ఇరవై నిమిషాలు. ఆ అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోవడానికి ఏడాది పట్టింది. మీ ఫ్రెండ్‌ని అడగకుండా ఆగినందుకు సంతోషం తల్లీ.

తెనాలి_అమ్మాయి:
దొరికింది!! ఫ్రిజ్ తీసేసి లెక్కపెడితే మెరుపుకీ మెరుపుకీ 33 సెకన్లు, అంటే 109 వాట్లు. ఫ్యూజ్ బాక్స్‌లో ఒక్కో స్విచ్ దించుతూ పోతే మూడోది దించగానే ఎర్ర లైటు ఆగిపోయింది. మా ఆయన టార్చ్ పట్టుకుని నిలబడ్డారు. ఐదున్నర నిమిషాల తరువాత గానీ మళ్ళీ మెరవలేదు. అది బాత్రూమ్‌లో టవళ్ళు ఆరేసే ఇనుప కమ్మీ. దాని లోపల వేడినీళ్ళు తిరుగుతాయని రెండేళ్ళుగా అనుకుంటున్నాం. దాని స్విచ్ హాల్లో కోట్లు తగిలించే చోట, కోట్ల వెనక ఉంది, పేరు కూడా రాసి లేదు. పోయినేడు మా అత్తయ్య గారు వచ్చినప్పుడు "ఈ కమ్మీ ఎప్పుడు ముట్టుకున్నా వెచ్చగానే ఉంటుందేమే" అన్నారు. అప్పుడు పట్టించుకోలేదు.

రాత్రి ఒంటిగంటది వోల్టు గారు చెప్పినట్టు ఇమర్షనే, టైమర్ అక్కడే ఉంది. ఫ్రెండ్ సాయంత్రం తాళం తిరిగివ్వడానికి వచ్చింది. పూతరేకులు, గోంగూర పచ్చడి ఇచ్చాను. మొక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. వాళ్ళ తమ్ముడికి రూమ్ చూడమని మా ఆయనే తన ఆఫీసులో ఇద్దరికి చెప్పారు.

వోల్టు గారూ, ఈసారి వెళ్ళేటప్పుడు ఇమర్షన్ పూర్తిగా ఆపేయొచ్చా?

వోల్టు_స్లౌ:
ఆపేయండి. కానీ తిరిగొచ్చాక వెంటనే షవర్ కింద నిలబడకండి. వారాల తరబడి కదలకుండా ఉన్న నీళ్ళలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరగొచ్చు. ముందు ట్యాంక్ మొత్తం 60 డిగ్రీలకు వేడెక్కనివ్వండి, కిటికీ తెరిచి కుళాయిలు, షవర్ కొన్ని నిమిషాలు వదిలేయండి. ఆ తరువాత స్నానం చేయండి. కోట్ల వెనక స్విచ్ మీద ఇవాళే ఒక స్టిక్కర్ అంటించండి.