ఫాంట్ వెండర్ ఐడీ మూడక్షరాలే ఉంటే రిజిస్టర్ ఎలా చెయ్యాలి?

తెలుగు ఫాంట్ ఒకటి ఫాంట్‌ఫోర్జ్‌లో (ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పూర్తిచేశాను, విడుదలకు ముందే మా ఫౌండ్రీ (ఫాంట్లు తయారుచేసే సంస్థ) కోడ్‌ని, అంటే వెండర్ ఐడీని, మైక్రోసాఫ్ట్ వెండర్ జాబితాలో రిజిస్టర్ చేయించాలి. ఫాంట్ ఫైల్‌లో ఓఎస్/2 టేబుల్ అనే భాగంలో ఈ ఐడీ గడికి నాలుగు క్యారెక్టర్లు ఉండాలి, నాది మూడే. ఫాంట్‌ఫోర్జ్ తనంతట పెట్టే ‘పీఎఫ్‌ఈడీ’ తీసేసి, మూడు పెద్దక్షరాలు, చివర ఒక స్పేస్ పెట్టి టీటీఎఫ్ ఫాంట్ ఫైల్ మళ్లీ జనరేట్ చేశాను. ఫాంట్ ఫైల్ లోపలి వివరాలు చూపించే టీటీఎక్స్‌తో తెరిచి చూస్తే స్పేస్‌తో సహా సరిగ్గానే పడింది. అయినా ఫాంట్లలో లోపాలు వెతికే ఫాంట్ బేకరీలో మాత్రం ఈ ఐడీ గుర్తింపులో లేదనే వార్నింగ్ వస్తోంది, రిజిస్టర్ కాలేదు కాబట్టి అది సహజమే అనుకుంటున్నా. జాబితాలో వెతికాను, ఆ కోడ్ ఇంకెవరికీ లేదు. పేరు మార్చుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు, లోగో కూడా ఆ మూడక్షరాలతోనే గీసుకున్నాం.

మూడక్షరాల కోడ్ రిజిస్టర్ చేయించినవాళ్లు ఉంటే చెప్పండి, దరఖాస్తులో చివరి స్పేస్ కలిపి రాశారా, మూడక్షరాలే ఇచ్చారా?