అప్పర్ భద్ర మీద అర్జీ రాస్తున్నాం, మీ కాలువ సంగతులు చెప్పండి

చివరిమడి:
మాది కోడుమూరు వైపు. తుంగభద్ర దిగువ కాలువ, అదే ఎల్‌ఎల్‌సీ, చివరి ఆయకట్టులో నాలుగెకరాలు. అప్పర్ భద్ర అంటే కర్ణాటక మాకు పైన కడుతున్న నీటి మళ్లింపు పథకం. మా ఊరి రైతులం కలిసి దాని మీద అర్జీ ఇవ్వాలనుకుంటున్నాం. పోయినసారి ఇచ్చినదాంట్లో 'మా నోట్లో మట్టి కొట్టొద్దు' అని రెండు పేజీలు రాశాం. తీసుకున్న ఆఫీసరు పూర్తిగా చదివి, 'బాధ అర్థమైంది, లెక్క ఏది?' అన్నాడు. గుచ్చుకుంది గానీ ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు.

నాకు తెలిసినంత రాస్తున్నా. ఎల్‌ఎల్‌సీలో ఆంధ్ర వాటా 24 టీఎంసీలు, దాని కింద 1.51 లక్షల ఎకరాలు. కర్ణాటక పైన భద్ర నుంచి మళ్లిస్తానంటున్నది 29.9 టీఎంసీలు. అందులో 17.4 తుంగ నుంచి భద్రలోకి ఎత్తిపోసేవి. ఆ నీళ్లు అసలు హొసపేట దగ్గరి మా తుంగభద్ర డ్యామ్ మొహమే చూడవు. 2023 బడ్జెట్‌లో కేంద్రం దీనికి 5,300 కోట్లు ప్రకటించింది కూడా.

ఆ ఏడాదే నేను మిరప వేశా. మా వంతు రాత్రి టార్చి పట్టుకుని తూము దగ్గరికి పోతే కాలువ అడుగున కప్పలు అరుస్తున్నాయి. మూడో రోజు తెల్లారుజామున నీళ్లొచ్చాయి, చెత్తను తోసుకుంటూ, చీలమండ లోతు. నాలుగో సాలు దాటకముందే ఇంకిపోయాయి. మీ దగ్గర ఎట్లుందో రాయండి.

ఉరవకొండ రైతు:
అన్నా, మాది హెచ్‌ఎల్‌సీ, తుంగభద్ర ఎగువ కాలువ. మా వాటా 32.5 అని పుస్తకంలో ఉంది, పొలానికి వచ్చింది ఎప్పుడూ లేదు. కానీ ఒక మాట చెప్తా, తిట్టుకోవద్దు. డ్యామ్ కట్టినప్పుడు నిల్వ 133 టీఎంసీలు. పూడిక చేరి ఇప్పుడు 105 చిల్లర. ఎవరూ కాలువ తవ్వకుండానే దాదాపు ఒక అప్పర్ భద్ర మట్టి కింద పోయింది. అర్జీలో ఇది ముందు రాయండి.

2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మా ఊళ్లో ఎవరూ నిద్రపోలేదు. ఫోన్‌లో ఆ వీడియో చూస్తుంటే మా నాయన 'ఆపరా, చూడలేను' అన్నాడు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్, అంటే గేటు బదులు అడ్డం పెట్టే ఇనుప పలకలు, దించారు కాబట్టి కొంతైనా మిగిలింది. మరుసటేడు గేట్ల భయంతో 80 టీఎంసీల దగ్గరే నిల్వ ఆపేశారు. ఉన్న నీళ్లే పట్టుకోలేని డ్యామ్ ఇది. దాని పైన ఇంకో పథకం.

పావగడ పిల్లోడు:
నన్ను కూడా మాట్లాడనిస్తారా? మాది తుమకూరు జిల్లా పావగడ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మూడు వైపులా మీ ఆంధ్రానే. మా అవ్వకు నలభై ఏళ్లకే నడుం వంగింది, ఫ్లోరైడ్ వల్ల. బోరు వేస్తే వెయ్యి అడుగులకు దుమ్ము వస్తుంది. మీకు నీళ్లు మూడు రోజులు ఆలస్యంగా వచ్చాయి. మాకు ఆలస్యం కావడానికి కాలువే లేదు. చిత్రదుర్గం, మా తాలూకాల పేరు చెప్పి వస్తున్న పెద్ద పథకం ఇది. దాన్ని ఆపమని తెలుగులో రాస్తుంటే నాకు ఎట్లుంటుందో ఆలోచించండి.

చివరిమడి:
తమ్ముడూ, తాగే నీళ్లకు అడ్డం చెప్తే నాకు పాపం తగులుతుంది. అది అర్జీలో రాయం. కానీ ఈ పథకం 2.25 లక్షల హెక్టార్ల సేద్యానికి అని మీ ప్రభుత్వమే చెబుతోంది కదా. తాగునీళ్లకు వేరే, సేద్యానికి వేరే లెక్క చూపిస్తే మాకు అంత గొడవ లేదు.

పావగడ పిల్లోడు:
సేద్యం లేకపోతే తాగునీళ్లు తాగి బెంగళూరు బస్సు ఎక్కాలా అన్నా? సరే, వేరే లెక్క అడగడం న్యాయమే. డ్రిప్ పథకం అన్నారు, ఎంతవరకు అట్లే ఉంటుందో మాకూ నమ్మకం లేదు.

రాయదుర్గం వేదవతి:
మధ్యలో ఒక విచిత్రం. 2022లో హిరియూరు దగ్గరి మారికణివె డ్యామ్ 1933 తర్వాత మొదటిసారి పొంగింది. ఆ నీళ్లు వేదవతి ఏటిలో పడి మా భైరవానితిప్ప ప్రాజెక్టుకు వచ్చాయి. మా పెద్దోళ్లు ఏటిలో కొబ్బరికాయలు కొట్టారు. అది చాలావరకు వాన పుణ్యమే, కానీ అప్పర్ భద్ర కాలువ నీళ్లు కూడా ఆ డ్యామ్‌లోకి వస్తున్నాయి. అందుకే మా ఊళ్లో ఈ అర్జీ మీద సంతకం పెట్టమంటే సగం మంది తల గోక్కుంటారు.

అలంపూర్ తమ్మి:
మా సంగతి వినండి. మాది తెలంగాణ. ఆర్డీఎస్, అదే తుంగభద్ర మీద రాజోలిబండ మళ్లింపు పథకం, 87,500 ఎకరాలు, 15.9 టీఎంసీలు. ఆనకట్ట కర్ణాటకలో, కాలువ మొదటి నలభై కిలోమీటర్ల పైచిలుకు కర్ణాటకలో. మా దాకా వచ్చేది మిగిలినవి. చివరికి తుమ్మిళ్ల దగ్గర అదే తుంగభద్రలో మోటార్లు పెట్టి అదే కాలువలో పోసుకుంటున్నాం. కరెంటు బిల్లు అదనం. నది ఎండితే మోటారు ఏం చేస్తది?

ఇంకోటి. పైవాళ్లను అంటున్నారు సరే, మీ ఆంధ్ర పోలవరం నుంచి బనకచర్లకు 200 టీఎంసీల గోదావరి నీళ్లు మోస్తామన్నప్పుడు మేము ఇదే మాట అన్నాం. అప్పుడు 'సముద్రంలో పోయే నీళ్లే కదా' అన్నారు.

ఉరవకొండ రైతు:
తమ్మీ, దొరికావు అనుకున్నావు గానీ నిజమే దొరికాం. అది వేరే చర్చలో పెట్టు, నేనే వచ్చి ఒప్పుకుంటా.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:
ముప్పై ఏళ్లు కాలువ గట్టు మీద తిరిగినవాణ్ణి. మీరు రాస్తున్నది చదువుతుంటే టెన్షన్ వస్తోంది, ఎందుకంటే ఒక్కరూ తేదీ రాయలేదు. 'చాలా రోజులు రాలేదు' అంటే కాగితం మీద ఏమీ కాదు.

ఎల్‌ఎల్‌సీ సుమారు 250 కిలోమీటర్లు కర్ణాటకలో పారి, తర్వాత మన సరిహద్దులోకి వస్తుంది. అక్కడ నీళ్లు కొలిచే గేజి ఉంటుంది. డ్యామ్ దగ్గర ఎంత వదిలారో తుంగభద్ర బోర్డు రోజూ చెబుతుంది. ఈ రెండూ పక్కపక్కన రాసుకోండి, నీళ్లు బయల్దేరి సరిహద్దుకు చేరడానికి పట్టే రోజులు వదిలేసి. తేడా దానంతట అదే మాట్లాడుతుంది. మీ తూము దగ్గర కూడా పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు లోతు కొలవండి. కొలకర్ర ఎప్పుడూ ఒకే చోట పెట్టాలి. పూడిక ఉన్నచోట పెడితే లెక్క చెడుతుంది.

అర్జీలో 'ఆపండి' ఒక్కటే రాయొద్దు. 29.9 ఏ కేటాయింపు కింద తీసుకుంటున్నారో అడగండి. పాత కాలువలు బాగుచేసి ఆదా చేసిన నీళ్లు కూడా ఇందులో ఉన్నాయని కర్ణాటక అంటోంది. ఆదా ఎక్కడ కొలిచారు, ఎవరు కొలిచారు? కృష్ణా నీళ్లు పంచిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ తీర్పును గెజిట్‌లో వేయొద్దని 2011లోనే సుప్రీంకోర్టు ఆపింది. దాన్ని చూపించి నీళ్లు లెక్కగడితే అది కూడా అడగాల్సిందే.

చివరిమడి:
సార్, కొలకర్ర మాట మనసుకు పట్టింది. మా పిల్లోడి స్కేలు కట్టెకు కట్టి తూము పక్క సిమెంటు అంచుకు ఆనించా. ఈ రోజు సాయంత్రం 14 సెంటీమీటర్లు. పొద్దున 22 ఉండె.

అలంపూర్ తమ్మి:
మేము కూడా రేపటి నుంచి మొదలుపెడతాం. ఎక్సెల్‌లో పెట్టాల్నా అన్నా?

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:
నోటుబుక్కు చాలు. పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. కొట్టివేతలు ఉంటే ఉండనీయండి, దిద్ది మళ్లీ రాయొద్దు.

పావగడ పిల్లోడు:
మా ఊరి బోర్ల లోతు కూడా రాసి పెడతా. అదే పేజీలో పెట్టుకుంటారా, వేరే పెట్టాలా?

చివరిమడి:
అదే పేజీలో పెట్టు తమ్ముడూ.