హాల్లోకి తివాచీ: ఇరాన్‌దా, ఏలూరుదా, మన తేమకి అసలు అవసరమా?

భీమవరం కొత్తిల్లు: వచ్చే నెల గృహప్రవేశం. హాల్లోకి 6×9 అడుగుల తివాచీ కావాలి. హైదరాబాద్‌లో ఒక కొట్టాయన "అసలు ఇరాన్ సరుకు, కుచ్చులు చూడండి, చేతిపనే" అన్నాడు. ఏలూరులో ఇంకోటి చూశాను, ధర దీనికి రెట్టింపు. పైగా నీలం రంగు ఒక పక్క వెలిసినట్టుంది. ఏది తీసుకోమంటారు?

లంక రైతు: ఏదీ వద్దండి. మన గాలికి అప్పడాలే గంటలో మెత్తబడతాయి, ఉన్ని నిలుస్తుందా? తుంగ చాప పరుచుకోండి. చుట్టి మూలన పెడితే పని అయిపోతుంది, ఆయ్.

ముడి లెక్క: కుచ్చులు చూసి కొనకండి. చేత్తో ముడి వేసిన తివాచీలో కుచ్చులంటే పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన దారాల కొసలే. వేరే పట్టీలా కుట్టినా, అంటించినా అనుమానించాల్సిందే. అన్నిటికన్నా ముందు తివాచీ తిరగేయండి. వెనక కూడా డిజైన్ ముడి ముడికీ కనపడాలి. గుడ్డ అంటించి ఉంటే అది గన్‌తో ఉన్ని గుచ్చి, రబ్బరు జిగురు పూసిన రకం. మన ఉక్కకి కొన్నేళ్లలో ఆ జిగురు పొడిపొడిగా రాలుతుంది. ఇక ముడులు. లండన్ మ్యూజియంలో ఉన్న అర్దబిల్ తివాచీ 1539-40 నాటిది. దానికి చదరపు అంగుళానికి దాదాపు 340 ముడులు. 100 కూడా లేనిదాన్ని నేను తివాచీ అనను.

గౌతమి గట్టు: మా కుక్కకి ఈ లెక్కలన్నీ ఎవరు చెబుతారో.

తమ్మిలేరు: ముడి లెక్క గారూ, ఇరాన్‌లోనే ఫార్స్ వైపు సంచార జాతుల ఆడవాళ్లు నేసే గబ్బేలు దొడ్డు ముడులవి. వాటినీ జనం ఏరికోరి కొంటారు. అవి తివాచీలు కావా?

కొత్తిల్లు గారూ, ఆ నీలం వెలిసింది కాకపోవచ్చు. రంగేసిన ఉన్ని చిలపలు (దారం కట్టలు) అయిపోయి, తర్వాతి బానలో ముంచినవి వాడితే ఆ వరస నుంచి ఛాయ మారుతుంది. ఇరానీలు అబ్రష్ అంటారు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితేనే భయం. మా నాన్న ఏలూరులో మగ్గం మీద ముప్ఫై ఏళ్లు కూర్చున్నాడు, అందుకే చెబుతున్నాను.

ముడి లెక్క: గబ్బేలు వేరు. నేను పట్టణాల్లో నేసిన వాటి గురించి మాట్లాడాను. కుచ్చుల విషయం మాత్రం ఎవరూ కాదనలేదు, గమనించండి.

లంక రైతు: కుచ్చులు, ముడులు! 86 వరదలో మా తివాచీ నీళ్లు తాగి నలుగురు పట్టినా లేవలేదు. ఎర్రరంగు కారి గచ్చంతా పాకింది. వారానికి కంపు. దండగ అంటే అదే.

తమ్మిలేరు: వరదకి మంచాలూ పోతాయి, మంచం దండగ అనలేదే? మామూలు తేమకైతే జాగ్రత్తలున్నాయి. ప్లాస్టిక్ చుట్టి అటక మీద పడేయకూడదు. సోఫా కింద చీకటి భాగాన్ని నెలకోసారి బయటికి తిప్పాలి, చిమ్మటలు అక్కడే చేరతాయి. తడిస్తే రెండు వైపులా గాలి ఆడేలా ఆరేయాలి, పడుగు నూలుది కాబట్టి తడి నిలిస్తే కుళ్లుతుంది.

లంక రైతు: చీరకి కూడా ఇంత సేవ చేయం.

తమ్మిలేరు: "దండగ" అన్న మాట వదలరా? 6×9 అంటే 7,776 చదరపు అంగుళాలు. అంగుళానికి వంద చొప్పున 7,77,600 ముడులు. ఒక్కడే రోజుకి ఎనిమిది వేలు వేస్తాడనుకోండి, 97 రోజులు. మా నాన్న చూపుడువేలు చివర చర్మం గీతలు పడి గట్టిపడిపోయింది. నాకు పలక పట్టించాడు కానీ దారం పట్టనివ్వలేదు. నేనిప్పుడు బ్యాంకులో కూర్చుని మీ బోటివాళ్లు బేరమాడటం చూస్తున్నాను.

లంక రైతు: బేరం కాదు బాబూ. ఆ తివాచీ మా నాన్న మా అమ్మ గాజులమ్మి తెచ్చాడు, పెళ్లివారు వస్తున్నారని. ఒక్క సంబంధమూ కుదరలేదు. వరద తీశాక అమ్మ దాన్ని ఉతుకుతూ కూర్చుంది, పోయిన గాజులు వస్తాయన్నట్టు. నేసినాయన్ని నేను ఒక్కమాట అనలేదు.

తమ్మిలేరు: అన్నారని కాదండి. కొన్నాయనకి దండగైతే నేసినాయనకి ఏం మిగిలినట్టు? మా ఇంట్లోనూ గాజులు లేవు.

గౌతమి గట్టు: మాటలు కాస్త తగ్గించండి, ఇద్దరూ పెద్దవాళ్లే.

భీమవరం కొత్తిల్లు: ఈరోజు కొట్టుకెళ్లి తిరగేయించాను. వెనక తెల్లగుడ్డ. కుచ్చులు కుట్టినవే. కొట్టాయన మొహం చూడాలి! ఆదివారం ఏలూరు వెళ్తున్నాను. లంక రైతు గారూ, వరండాకి ఎటూ చాప కావాలి, మంచిది ఎక్కడ దొరుకుతుంది?

ముడి లెక్క: కుచ్చుల గురించి మొదట చెప్పింది నేనే.

లంక రైతు: మా ఊరు రండి, ఇప్పిస్తాను. తమ్మిలేరు బాబూ, నాన్నగారు ఉన్నారా?

తమ్మిలేరు: ఉన్నారండి. చూపు తగ్గింది. చేత్తో తడిమి ముడులు చెబుతారు.