ప్రభుత్వ కళాశాలల్లో విద్యార్థులు తగ్గినా ట్యూషన్ ఫీజు ఎందుకు దిగిరావడం లేదు?

ప్రశ్న:

మేము అమెరికాలో స్థిరపడి పద్నాలుగేళ్లయింది. మా అమ్మాయి ఇప్పుడు పదకొండో తరగతి చదువుతోంది, వచ్చే ఏడాది కళాశాలలకు దరఖాస్తులు పంపాలి. ఆ ప్రయత్నంలో భాగంగా కొన్ని నెలలుగా ప్రభుత్వ కళాశాలల ఫీజులూ విద్యార్థుల సంఖ్యలూ వరుసగా చూస్తున్నాను. ఆ రెండింటికీ పొంతన కుదరక ఇక్కడ అడుగుతున్నాను.

2010లో ఈ దేశంలో డిగ్రీ స్థాయిలో చదివేవారు సుమారు 1.81 కోట్ల మంది ఉండగా, 2021 నాటికి వారు 1.54 కోట్లకు తగ్గారు. ఈ తగ్గుదలలో పెద్ద భాగం కమ్యూనిటీ కాలేజీలదే, అంటే రెండేళ్ల చదువు చెప్పే స్థానిక ప్రభుత్వ కళాశాలలదే. ఏ సరుకైనా కొనేవారు తగ్గితే ధర దిగుతుందని మనకు తెలుసు. అయినా నాలుగేళ్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సొంత రాష్ట్రపు విద్యార్థికి ప్రకటించే ట్యూషన్, ఫీజుల సగటు 2023-24లో 11,260 డాలర్లుగా ఉండి, మరుసటి ఏడాదికి 11,610 అయింది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవారికి అది 30,000 డాలర్లు దాటింది.

సీట్లు ఖాళీగా ఉన్నా ధర పెంచే ధైర్యం వీరికి ఎక్కడి నుంచి వస్తోంది? ఈ తగ్గుదల వల్ల మా అమ్మాయి వంటి పిల్లలకు ఏమైనా మేలు జరుగుతుందా? ఉన్నత విద్యారంగంలో పనిచేసేవారు వివరిస్తే మేలు చేసినవారవుతారు.

మొదటి సమాధానం:

నేను చాలాకాలం ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయపు బడ్జెట్ విభాగంలో పనిచేశాను. మీరు వేసిన లెక్క సరుకు విషయంలో సరైనదే. అయితే ప్రభుత్వ కళాశాల చదువుకు డబ్బు చెల్లించేవారు ఇద్దరు: ఒకరు విద్యార్థి, రెండోవారు రాష్ట్ర ప్రభుత్వం. ట్యూషన్ ఫీజు అంటే రాష్ట్రం తన వంతు ఇచ్చిన తరువాత మిగిలే భాగం. రాష్ట్రం చెయ్యి వెనక్కి తీసుకుంటే, తరగతి గదిలో ఒక్క పైసా ఖర్చు పెరగకపోయినా మీ బిల్లు పెరుగుతుంది.

ఒకప్పుడు ఆ మిగులు భాగం నామమాత్రంగా ఉండేది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1976 వరకు ట్యూషన్ లేకుండానే చదువు చెప్పింది. నగరం దివాలా అంచుకు చేరినప్పుడు మాత్రమే ఆ పద్ధతి ఆగిపోయింది. కాలిఫోర్నియా 1960లో వేసుకున్న ప్రణాళిక కూడా సొంత రాష్ట్రపు పిల్లలకు ట్యూషన్ ఉండరాదన్న సూత్రం మీదే నిలిచింది. 1980 ప్రాంతంలో దేశం మొత్తం మీద ప్రభుత్వ కళాశాలల బోధన ఆదాయంలో విద్యార్థుల వాటా దాదాపు ఐదో వంతు. 2008 నాటి ఆర్థిక మాంద్యం తరువాతి సంవత్సరాల్లో అది సగానికి దగ్గరగా వెళ్లింది.

మీ ప్రశ్నకు అసలు సమాధానం ఆ మాంద్యంలోనే ఉంది. ఉద్యోగాలు పోయినప్పుడు జనం కొత్త పని నేర్చుకోవడానికి కళాశాలల వైపు నడుస్తారు. విద్యార్థుల సంఖ్య 2010లో శిఖరానికి చేరడానికి ఇది ముఖ్య కారణం. సరిగ్గా ఆ సమయంలోనే పన్నుల రాబడి పడిపోయి రాష్ట్రాల ఖజానాలు ఎండిపోతాయి. పేదల వైద్య పథకానికీ పాఠశాలలకూ కోత పెట్టడం చట్టరీత్యానూ రాజకీయంగానూ కష్టం కాబట్టి, ఫీజు రూపంలో మరో రాబడి ఉన్న విశ్వవిద్యాలయాల మీదే ముందుగా కత్తెర పడుతుంది. 2009 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రీజెంట్లు (పాలకమండలి సభ్యులు) ఒక్క సమావేశంలో ఫీజును 32 శాతం పెంచడానికి ఆమోదం తెలిపారు. గిరాకీ ఎక్కువగా ఉంది కాబట్టి ఫీజు పెంచారని బయటివారికి అనిపించవచ్చు. మా వంటివారి బల్లల మీద ఉన్న కాగితాల్లో మాత్రం రాష్ట్ర నిధుల్లో పడిన గండే కనిపించేది. ఆ రోజుల్లో ఫీజు పెంపు ప్రతిపాదనలు తయారు చేసినవారిలో నేనూ ఉన్నాను. అది చెల్లించలేక ఎంతమంది మధ్యలో మానేస్తారోనన్న బాధ ఇప్పటికీ నన్ను విడవలేదు.

తరువాత ఉద్యోగాలు తిరిగి వచ్చాయి, విద్యార్థులు తగ్గారు, రాష్ట్రాలు మెల్లగా నిధులు పునరుద్ధరించాయి. దాని ఫలితం మీరు చూస్తున్న ప్రకటిత ధరలో స్పష్టంగా కనిపించదు. ఇటీవలి సంవత్సరాల్లో ఆ ధర ద్రవ్యోల్బణం కంటే నెమ్మదిగా పెరిగింది, అంటే నిజ విలువలో తగ్గింది. గ్రాంట్లు, అంటే తిరిగి చెల్లించనక్కరలేని సహాయం, మినహాయించి సొంత రాష్ట్రపు కొత్త విద్యార్థి నాలుగేళ్ల ప్రభుత్వ కళాశాలలో సగటున చెల్లించే నికర ట్యూషన్, 2024 డాలర్ల విలువలో, 2012-13లో 4,340 డాలర్ల వరకు వెళ్లి, 2024-25 నాటికి సుమారు 2,480కి దిగింది. కనుక ఫీజు దిగిరాలేదన్న మాట పూర్తిగా నిజం కాదు. దిగింది, కాని దిగినట్లు కళాశాల వెబ్‌సైటు మీద కనిపించదు.

రెండవ సమాధానం:

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక విషయం చేర్చాలి. దేశం మొత్తానికి ఒకే సంఖ్య చెప్పుకుంటే, ఎవరు తగ్గారో ఎవరు పెరిగారో మరుగున పడిపోతుంది. మీ అమ్మాయి దరఖాస్తు చేయబోయేది దేశ సగటుకు కాదు గదా.

రాష్ట్రంలోని ప్రధాన విశ్వవిద్యాలయాలకు విద్యార్థుల కొరత లేదు. అలబామా విశ్వవిద్యాలయం ప్రతిభ ఆధారిత రాయితీలు చూపి బయటి రాష్ట్రాల పిల్లలను ఎంతగా ఆకర్షించిందంటే, అక్కడ సొంత రాష్ట్రపు విద్యార్థులే తక్కువయ్యారు. నష్టం పడింది చిన్న పట్టణాల్లోని ప్రాంతీయ విశ్వవిద్యాలయాల మీద. పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయాల వ్యవస్థలో 2010లో సుమారు 1,20,000 మంది చదివేవారు. 2023 నాటికి దాదాపు 83,000 మంది మిగిలారు. అందుకే 2022లో ఆరు విశ్వవిద్యాలయాలను రెండుగా కలిపారు. ఆ వ్యవస్థ ట్యూషన్‌ను ఏళ్ల తరబడి పెంచకుండా నిలిపి ఉంచినా విద్యార్థులు వెంటనే తిరిగి రాలేదన్నది గమనించదగ్గది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో 2023లో 4.5 కోట్ల డాలర్ల లోటు వచ్చినప్పుడు 28 ప్రధాన కోర్సులనూ 143 అధ్యాపక పదవులనూ తొలగించాలని నిర్ణయించారు.

విద్యార్థులు తగ్గితే ఖర్చు అదే నిష్పత్తిలో తగ్గకపోవడమే ఇక్కడి చిక్కు. ముప్పై మంది కూర్చునే గదిలో ఇరవై మందే ఉన్నా పాఠం చెప్పే ఆచార్యుడు ఒక్కరే, చలికాలంలో ఆ భవనాన్ని వెచ్చగా ఉంచే ఖర్చూ అంతే. అప్పుడు ఒక్కో విద్యార్థి మీద పడే ఖర్చు పెరుగుతుంది. కనుక ఖాళీ సీట్లు ఫీజును తగ్గించకపోగా, రాష్ట్రం ఆదుకోకపోతే పైకి నెడతాయి. పర్డ్యూ విశ్వవిద్యాలయం ఇందుకు విరుద్ధమైన దారిలో నడిచింది. 2013లో సొంత రాష్ట్రపు ట్యూషన్‌ను 9,992 డాలర్ల వద్ద ఆపి, ఏటేటా ఎక్కువమందిని చేర్చుకుని ఆ లోటు పూడ్చుకుంది. ఆ పేరున్న ఇంజనీరింగ్ విద్య లేని ప్రాంతీయ కళాశాలకు ఆ దారి తెరిచి ఉండదు.

ఇకముందు సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో 2007లో 43 లక్షలకు పైగా పిల్లలు పుట్టారు; 2020లో పుట్టినవారు సుమారు 36 లక్షలు. 2007లో పుట్టినవారు 2025 ప్రాంతంలో పాఠశాల విద్య పూర్తి చేసే వయసుకు వచ్చారు. వారి వెనక వచ్చే తరగతులు ఏడాదికేడాది చిన్నవవుతాయి. ఈ తగ్గుదల భారం ఈశాన్య, మధ్య పశ్చిమ రాష్ట్రాల మీద ఎక్కువగా పడుతుంది. మా ఊరి ప్రాంతీయ విశ్వవిద్యాలయంలోనే చదివి ఉపాధ్యాయులైనవారు మా చుట్టుపక్కల పాఠశాలల నిండా ఉన్నారు. ఇటువంటి సంస్థ మూతపడితే ఆ పిల్లలు ప్రధాన విశ్వవిద్యాలయానికి వెళ్లరు, చాలామంది అసలు ఎక్కడికీ వెళ్లరు.

ప్రశ్న అడిగినవారి స్పందన:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఫీజు పెంపు వెనక రాష్ట్ర బడ్జెట్ ఉందని ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అయితే రెండు సందేహాలు మిగిలాయి. మా ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి కాబట్టి అవసరాన్ని బట్టి ఇచ్చే గ్రాంట్లు మాకు రావు. అటువంటప్పుడు ఆ 2,480 డాలర్ల సగటు మా బోటి కుటుంబాలకు ఎలా వర్తిస్తుంది? రెండోది, ఫెడరల్ ప్రభుత్వం ధారాళంగా రుణాలు ఇవ్వడం వల్లనే కళాశాలలు ఫీజులు పెంచుతున్నాయని మా మిత్రులు గట్టిగా వాదిస్తారు. ఇందులో నిజమెంత?

మూడవ సమాధానం:

మొదటి సందేహానికి సూటి సమాధానం: ఆ సగటు మీకు వర్తించదు. ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లున్న ఫెడరల్ ప్రభుత్వపు పెల్ గ్రాంటు తక్కువ ఆదాయం గల కుటుంబాలకు ఉద్దేశించినది, దానికి రాష్ట్రాల గ్రాంట్లు కలిసి వారి ట్యూషన్‌ను కొన్నిచోట్ల సున్నాకు తెస్తాయి. సగటును కిందికి లాగేది వారే, అది జరగవలసిన మంచే. మధ్యతరగతి పైమెట్టున ఉన్న కుటుంబం దాదాపు ప్రకటిత ధరే చెల్లిస్తుంది. సగటు చూపి అందరికీ చవకైందని చెప్పడం మీ వంటివారికి అన్యాయమే అవుతుంది.

రుణాల వాదన పాతది. 1987లో విద్యాశాఖ మంత్రిగా ఉన్న విలియం బెన్నెట్ దీనికి ప్రచారం కల్పించారు. లాభాపేక్షతో నడిచే కళాశాలల విషయంలో దానికి కొంత ఆధారం ఉందని నేనూ ఒప్పుకుంటాను. ప్రభుత్వ కళాశాలల విషయంలో మాత్రం అది నాకు నమ్మదగినదిగా తోచదు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ రుణం మొదటి ఏడాది 5,500 డాలర్లకు, మొత్తం చదువుకు 31,000 డాలర్లకు మించదు, ఆ పరిమితులు 2008 నుంచి కదలలేదు. కదలని పరిమితి ఏటేటా పెరిగే ఫీజును ఎలా వివరిస్తుంది? తల్లిదండ్రులు తీసుకునే ప్లస్ రుణాల సంగతి వేరు. వాటికి చాలాకాలం మొత్తం ఖర్చు తప్ప మరో హద్దు లేదు, ఎన్నో కుటుంబాలు అక్కడే చితికిపోయాయి. దయచేసి ఆ రుణం జోలికి వెళ్లే ముందు బాగా ఆలోచించండి.

ఇక్కడ ఎవరూ ఎత్తని మరో ఖర్చు ఉంది. 2024-25లో నాలుగేళ్ల ప్రభుత్వ కళాశాలల్లో వసతి, భోజనాల సగటు 13,310 డాలర్లు, అంటే ట్యూషన్ కంటే ఎక్కువ. ఫీజు నిలిపివేశామని ప్రకటించే విశ్వవిద్యాలయాల్లో కూడా హాస్టలు అద్దె పెరుగుతూనే ఉంటుంది. ఇంటి నుంచి వెళ్లి రాగలిగిన కళాశాల దగ్గరలో ఉంటే మీ ఖర్చు దాదాపు సగమవుతుంది.

కమ్యూనిటీ కాలేజీలో సగటు ట్యూషన్ 2024-25లో ఏడాదికి సుమారు 4,050 డాలర్లు. మన కుటుంబాల్లో దాని పేరెత్తితే చిన్నతనంగా భావించేవారున్నారు, అది నాకు నచ్చదు. మా పెద్దవాడు రెండేళ్లు అక్కడ చదివి రాష్ట్ర విశ్వవిద్యాలయానికి మారాడు. మారేటప్పుడు రెండు కోర్సుల క్రెడిట్లు లెక్కలోకి తీసుకోలేదు, దానివల్ల ఒక సెమిస్టరు వృథా అయింది. కాబట్టి ఏ కోర్సు దేనికి సమానమో రెండు సంస్థల మధ్య రాతపూర్వకమైన ఒప్పందం ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి. పాఠశాలలో ఉండగానే కళాశాల క్రెడిట్లు సంపాదించే అవకాశం కూడా ఉంది. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల్లో దాదాపు ఐదో వంతు మంది అటువంటి పాఠశాల పిల్లలే.

మీరు పశ్చిమ రాష్ట్రాల్లో ఉన్నట్లయితే వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్ గురించి తెలుసుకోండి. అందులో ఉన్న పొరుగు రాష్ట్రపు కళాశాలలు అర్హులైనవారి నుంచి తమ సొంత విద్యార్థుల ట్యూషన్‌కు ఒకటిన్నర రెట్లకు మించి వసూలు చేయవు. విద్యార్థులు తగ్గిన కళాశాలలే ఇటువంటి రాయితీలను ఎక్కువ ఉత్సాహంగా ఇస్తాయి కాబట్టి, మీరు అడిగిన మేలు ఏదైనా ఉంటే అది ఇక్కడే కనిపిస్తుంది.

ప్రతి కళాశాల వెబ్‌సైటులోనూ నికర ధర లెక్కించే పరికరం చట్టప్రకారం ఉండాలి. మీ ఆదాయం వివరాలు అందులో వేసి, వచ్చిన అంకెను సగటులతో పోల్చకుండా కళాశాలకు కళాశాలతో పోల్చండి. ఆర్థిక సహాయపు దరఖాస్తు రెండేళ్ల కిందటి ఆదాయపు పన్ను వివరాలను తీసుకుంటుంది కనుక, మీ అమ్మాయి చేరే సంవత్సరానికి సంబంధించిన పన్ను కాగితాలు ఈపాటికే మీ చేతిలో ఉండవచ్చు. ఆ లెక్క ఈ వేసవిలోనే వేసి చూడవచ్చు.