నెలకు ఐదు వందలు పక్కన పెట్టి, వరదకూ తుఫానుకూ ఇల్లు సిద్ధం చేసుకోవాలంటే ముందు ఏం కొనాలి?

పావని, సింగ్‌నగర్:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం పొద్దున పాలు కాచే వేళకి వీధిలో చీలమండ లోతు నీళ్లున్నాయి. ముందురోజంతా వాన కదా, డ్రైను పొంగిందనుకున్నాం. బుడమేరు వాగుకు గండి పడిందని ఎవరో అరుచుకుంటూ పోయినా మాకు ఆ మాట ఎక్కలేదు. మధ్యాహ్నానికి మంచం మీది పరుపు తేలింది. పాపను ఎత్తుకుని, మామయ్యగారిని పట్టుకుని పై అంతస్తు వాళ్లింటికి ఎక్కాం. రెండు కుటుంబాలు, తొమ్మిది మంది, ఒక్క మంచినీళ్ల క్యాను. అదీ సగమే ఉంది. చుట్టూ నడుములోతు నీళ్లు, తాగడానికి గుక్కెడు లేవు. మూడో రోజు పడవలో వచ్చినవాళ్లు సీసాలు అందించేదాకా పాప పాలపొడికి కూడా నీళ్లు మూతతో కొలిచి పోశాను.

ఇప్పుడు అదే పేటలో మొదటి అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. ఆయన పని ఇక్కడే, ఊరు మారలేం. ఆయన జీతం 22 వేలు. ఖర్చులన్నీ పోను నెలకు ఐదు వందలు దీనికోసం పక్కన పెట్టగలను. అత్తయ్యగారు ఇంకో బియ్యం బస్తా వేసుకోమంటారు. ఆయన ఎప్పటికైనా ఇన్వర్టర్ కొందాం అంటారు. వాన చప్పుడు వింటే చాలు, నాకు నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ముందు ఏం కొనాలి?

మర్రిపాలెం అక్క:

పావనీ, మాది విశాఖ మర్రిపాలెం. ఇంట్లో బట్టలు కుడతాను. నువ్వు మూతతో నీళ్లు కొలిచానని రాసిన చోట కాసేపు ఆగిపోయాను. 2014 అక్టోబర్ 12న మా ఊరి మీదికి హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో పాతిక కేజీల బియ్యం ఉన్నాయి, పప్పులున్నాయి, మూడు జాడీల ఊరగాయలున్నాయి. నీళ్లు మాత్రం లేవు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే ట్యాంకులోకి చుక్క ఎక్కదు అన్నది నాకు అప్పటిదాకా తట్టనే లేదు. నాలుగు వాటాలకీ కలిపి ఒకటే ట్యాంకు. సోమవారం పదింటికల్లా అడుగంటింది. మా వీధికి కరెంటు తొమ్మిదో రోజున వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ నేనూ మా పెద్దాడూ రెండు వీధుల అవతల ఉన్న బోరింగు దగ్గర బిందెలతో నిలబడ్డాం.

అందుకే నా మాట ఒక్కటే. మొదటి నెల ఐదు వందలు నీళ్లకు పెట్టు. అంటే నీళ్లు కొనమని కాదు, నీళ్లు పట్టుకునే పాత్రలు కొను. మూత గట్టిగా బిగిసే ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, కింద కుళాయి ఉన్నవి చూసుకో. చెయ్యి ముంచితే నీళ్లు పాడవుతాయి, కుళాయి ఉంటే ఆ బెంగ లేదు. మనిషికి రోజుకు తాగడానికీ వండడానికీ కలిపి నాలుగు లీటర్లు లెక్క వేసుకో. ఇంట్లో మీరు ఐదుగురు అనుకుంటే మూడు రోజులకు 60 లీటర్లు. రెండు క్యాన్లకు నలభై వస్తాయి, మిగతాది ఇంట్లో ఉన్న బిందెలు, కుక్కర్లు, పెళ్లికి పెట్టిన ఇత్తడి గంగాళం, ఏది ఉంటే అది. వాయుగుండం అన్న మాట టీవీలో వినపడగానే నేను ఇంకేం ఆలోచించను, ముందు అన్నీ నింపేస్తాను. తుఫాను రాకపోతే ఆ నీళ్లతో మర్నాడు దుప్పట్లు ఉతుకుతాను.

నీళ్లు దాచడంతో పాటు వాటి ఖర్చు తగ్గించడం కూడా ఉంది. విస్తరాకులు ఒక కట్ట కొని అటక మీద పెట్టు. ఆ తొమ్మిది రోజుల్లో మా ఇంట్లో ఎక్కువ నీళ్లు మింగింది అంట్లు. మూడో రోజు మా పక్కింటి మామ్మగారు తన దగ్గరున్న అడ్డాకుల కట్ట విప్పి అన్ని వాటాలకూ పంచింది, అంతే, బోరింగుకు వెళ్లే సార్లు సగానికి తగ్గాయి. బియ్యం కడిగిన నీళ్లు పారబోయకు, గిన్నెల మొదటి కడుగుకు వాడు. గిన్నెలు కడిగినవి దొడ్లోకి.

తిండికి వస్తే, అత్తయ్యగారి మాట తప్పని కాదు గానీ బియ్యం ఉంటే వండాలి, వండాలంటే నీళ్లు, గ్యాసు రెండూ కావాలి. పొయ్యి వెలిగించకుండా తినేవి ముందు ఉండాలి. అటుకులు రెండు కేజీలు, బెల్లం కేజీ, వేయించిన వేరుశెనగ గుళ్లు, మరమరాలు, పుట్నాలు. అటుకులు కాసిని నీళ్లు చిలకరిస్తే చాలు, ఐదు నిమిషాల్లో మెత్తబడతాయి. బెల్లంతో పిల్లలు తింటారు, ఉప్పూ కందిపొడీ నిమ్మకాయ రసంతో పెద్దలు తింటారు. ఇవన్నీ ఒకేసారి కొనొద్దు. నెల సరుకుల చీటీలో ప్రతి నెలా ఒకటి ఎక్కువ రాయి. ఈ నెల అటుకులు, వచ్చే నెల బెల్లం. కొత్త పొట్లం వెనక్కి, పాతది ముందుకు పెట్టి పాతదే వాడుతూ ఉండు. తుఫాను సరుకులని విడిగా ఒక పెట్టెలో పెట్టి తాళం వేసినవాళ్ల ఇంట్లో ఆరు నెలలకు పురుగు పట్టడం నేను చూశాను.

గ్యాసు ఆదా చేసే పని ఒకటి మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. బియ్యం అరగంట నానబెట్టి, లెక్కకు సరిపడా నీళ్లు పోసి, మందపాటి గిన్నెలో బాగా తెర్లనిచ్చి ఐదు నిమిషాలు ఉంచి దించెయ్యి. మూత పెట్టి, పాత బొంతలో చుట్టి, బుట్టలో కదలకుండా కూర్చోబెట్టు. గంట తర్వాత తీస్తే అన్నం అయిపోయి ఉంటుంది. మొదటిసారి మామూలు రోజున చేసి చూసుకో, మీ గిన్నెకు ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. అన్నం కూడా వేడిగా ఉండగానే తినెయ్యాలి, రాత్రికి అలాగే మూతపెట్టి ఉంచొద్దు.

వెలుతురుకు ఇన్వర్టర్ దాకా వెళ్లనక్కర్లేదు. ఛార్జింగ్ టార్చి ఒకటి, మామూలు సెల్సుతో వెలిగేది ఒకటి. కొవ్వొత్తులు పాప ఉన్న ఇంట్లో నాకు నచ్చవు. గాజు గ్లాసులో ముప్పావు నీళ్లు, పైన వేలెడు నూనె, తేలే ఒత్తి వేస్తే రాత్రంతా వెలుగుతుంది. ఒరిగితే మాత్రం పైనున్న నూనే ముందు ఒలుకుతుంది, అందుకే అది కూడా పాపకు అందని ఎత్తులోనే పెట్టు. సెల్సుతో పనిచేసే చిన్న రేడియో కూడా కొను. మాకు ఫోన్లు మూగబోయాయి, ఊరి సంగతులు ఆటో అబ్బాయిలు చెబితేనే తెలిసేవి.

డబ్బు. ఏటీఎంలు పనిచేయవు, ఫోన్లో పంపడం కుదరదు. పసుపు డబ్బా అడుగున నేను 1500 రూపాయలు ఉంచుతాను, అన్నీ పదులు, యాభైలు, వందలు. ఐదు వందల నోటు ఇస్తే ఆ రోజుల్లో చిల్లర ఇచ్చేవాడు లేడు, పాల ప్యాకెట్టుకు పాతిక ఎక్కువ అడిగినవాళ్లూ ఉన్నారు.

ఇంకో సంగతి చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. ఆ రోజు మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. తుఫాను పోయిందని అందరం బయటికొచ్చాం. ఎగిరిపోయిన రేకులు ఏరుకుంటున్నాం. అది తుఫాను కన్ను అని, అంటే తుఫాను నడిమధ్య గాలి ఉండని చోటని మాకు తెలియదు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి తిరిగి లేచింది. మా వీధి చివర చెట్టు అప్పుడే పడింది, అంతకు రెండు నిమిషాల ముందు మా పెద్దాడు దాని కిందే ఉన్నాడు. గాలి ఆగినా అధికారులు చెప్పేదాకా గడప దాటొద్దు.

ఏలూరు ఎలక్ట్రీషియన్:

పావని గారూ, అక్క చెప్పినవాటికి నా పనికి సంబంధించినవి రెండు మూడు కలుపుతాను. గుమ్మం దాకా నీళ్లు వస్తున్నాయంటే ముందు మెయిన్ స్విచ్ దించండి. తర్వాత ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో చాలామంది మరచిపోయేది, మెయిన్ దించినా ఇన్వర్టర్ ఇంటికి కరెంటు ఇస్తూనే ఉంటుంది. దాన్ని కూడా ఆపాలి. నీళ్లు తీశాక బోర్డులు తెరిచి, ఆరబెట్టి, తెలిసినవాళ్లు చూసేదాకా మెయిన్ ఎత్తొద్దు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ అంతకంటే ఆలస్యంగా. వీధిలో తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా 1912కి ఫోన్ చేయండి.

గ్యాసు వాసన వస్తే 1906. సిలిండర్ మార్చినప్పుడల్లా సబ్బు నురగ రెగ్యులేటర్ చుట్టూ, పైపు రెండు కొసల దగ్గర రాసి చూడండి. బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్లతో చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి వద్దు. ఇంట్లో ఆడవాళ్లు కూడా మెయిన్ ఎక్కడుందో, బోర్డులో ఏ ఎంసీబీ, అంటే ఏ చిన్న స్విచ్, దేనికో తెలుసుకుని దాని మీద పెన్నుతో రాసి పెట్టాలి. నేను వెళ్లే ఇళ్లలో సగం మందికి తెలియదు. మా వారు వచ్చాక చూస్తారండీ అంటారు. ఆయన ఊళ్లో లేని రోజే వస్తుంది వరద.

మునిగిన బండికి కిక్ కొట్టొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు. ఇంజన్లో నీళ్లుంటే లోపల రాడ్డు వంగిపోతుంది. అప్పుడు బీమా ఉన్నా క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. నెట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడమే. బీమా అయినా థర్డ్ పార్టీ ఒక్కటే కడితే వరదలో మునిగిన మీ బండికి ఏమీ రాదు, ఆ కాగితం ఒకసారి తీసి చూసుకోండి.

కోనసీమ రైతు:

1996 నవంబర్ 6 రాత్రి మా దగ్గర తుఫాను పడినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. తెల్లారేసరికి మా తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్లను వేళ్ల మీద లెక్కపెట్టాను. నాలుగు రోజులు రాలిన బొండాల నీళ్లే తాగాం. అవి అయిపోయాక బురద నీళ్లే గతి. అప్పుడు మా నాయనమ్మ చిల్లగింజ తెచ్చి, గరుకు రాయి మీద రెండు చుక్కల నీళ్లతో అరగదీసి, ఆ గంధం బిందెలో కలిపి కదపకుండా ఉంచింది. బురద అడుక్కు దిగింది. పటిక తిప్పినా అంతే, పచారీ కొట్లో దొరుకుతుంది. అయితే తేటగా కనిపించినంత మాత్రాన మంచినీళ్లు కావమ్మా. తేర్చిన నీళ్లు గుడ్డలో వడబోసి, తెర్లి పొంగులు వచ్చాక ఒక నిమిషమైనా కాగనిచ్చి తాగాలి. వరద నీళ్లు కలిసిన సంపు నీళ్లు అసలు నోట్లో పెట్టొద్దు.

కందిపప్పుకు కొంచెం ఆముదం పట్టించి, ఎండలో పెట్టి, ఆరాక డబ్బాలో పోస్తే ఏడాది పురుగు రాదు. బియ్యంలో ఎండిన వేపాకు వెయ్యి, పచ్చిది వేస్తే బూజు వస్తుంది. డబ్బాలన్నీ నేల మీద కాకుండా అటక మీద. వరద నీళ్లు తగిలిన ఊరగాయ ఎంత ప్రాణమైనా పారబోయాల్సిందే.

పావని, సింగ్‌నగర్:

అందరికీ చాలా థాంక్స్. నిన్న క్యాన్లు రెండు తెచ్చాం, కుళాయి ఉన్నవే. ఎంసీబీల మీద పేర్లు రాశాను. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, పాప పుట్టిన సర్టిఫికెట్, పాస్‌బుక్కు ఒకే కవరులో పెట్టి, దాన్ని మళ్లీ జిప్ కవరులో పెట్టి తలుపు వెనక మేకుకు తగిలించాను. పోయినసారి తడిసిన కాగితాలు మళ్లీ తెచ్చుకోవడానికి ఆయన ఆరు రోజులు పని మానాల్సి వచ్చింది.

అక్కా, ఇంకో ప్రశ్న. మామయ్యగారు షుగరుకు ఇన్సులిన్ తీసుకుంటారు. పోయినసారి ఫ్రిజ్ మునిగిపోయి అవి పారేశాం. కరెంటు లేని రోజుల్లో ఎలా దాచాలి? పాపకు విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలి?

మర్రిపాలెం అక్క:

తలుపు వెనక మేకు మంచి ఆలోచన పావనీ, నేనూ అలాగే చేస్తాను.

పాపకు విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్లు ముందే నాలుగు తెచ్చి ఉంచు. అవి అయిపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు. స్పూన్లు తలగొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువ కాకూడదు. కొంచెం కొంచెంగా పట్టిస్తూ ఉండు, ఒక రోజు కలిపింది మర్నాటికి ఉంచొద్దు. పాలు ఆపొద్దు. పాప నీరసించి కళ్లు గుంటలు పడినా, ఒంటేలు పోయకపోయినా ఇంట్లో కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యి.

ఇన్సులిన్ మా అత్తగారికీ వాడాం. పూత లేని మట్టికుండలు రెండు తీసుకో, ఒకటి పెద్దది, ఒకటి దానిలో పట్టే చిన్నది. మధ్యలో ఇసుక పోసి తడుపు. మందు జిప్ కవరులో పెట్టి చిన్న కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పి, ఎండ తగలని, గాలి ఆడే చోట పెట్టు. పొద్దునా సాయంత్రం ఇసుక తడుపుతూ ఉండాలి. తుఫాను ముసురులో గాలి చెమ్మగా ఉంటుంది కాబట్టి ఫ్రిజ్ అంత చల్లదనం రాదు, కానీ ఎండ వేడి నుంచి కాపాడుతుంది. ఐసు ముక్కలకు ఆనించి మాత్రం పెట్టొద్దు, గడ్డకడితే ఆ మందు పనికిరాదు. మామయ్యగారు వాడే రకం ఫ్రిజ్ బయట ఎన్ని రోజులు నిలుస్తుందో పెట్టెలోని కాగితం మీద రాసి ఉంటుంది, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు అది చూపించి అడుగు. పది రోజుల మందులు, సూదులు ఎప్పుడూ ముందే ఉండేటట్టు చూసుకో. వచ్చే నెల ఐదు వందలు వాటికి పెట్టు, అటుకులు ఆ పై నెల కొనుక్కోవచ్చు.